నచ్చిన అనిమే ఇంకొకరికి చెప్పడం ఎలా?

తిరుపతిలో కాపురమున్నామంటే చుట్టాలందరికీ ఒకటే ఆశ. మన దగ్గర దర్శనానికి సిఫార్సు లెటరు దొరుకుతుందని. ఏడాదికి రెండుసార్లయినా ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏమన్నా చూడబ్బా" అంటారు. నా దగ్గర ఆ లెటరు ఏ రోజూ లేదు. అయినా ఇంకో రకం సిఫార్సు కోసం మాత్రం జనం నా దగ్గరికే వస్తారు.

నాది బైరాగిపట్టెడలో చిన్న మొబైల్ రిపేరు షాపు. ఒక డిస్‌ప్లే మార్చాలంటే 40 నిమిషాలు పడుతుంది. ఆ 40 నిమిషాలు చేతిలో ఫోన్ లేని మనిషి ఏం చేస్తాడు? కాసేపు రోడ్డు చూస్తాడు, కాసేపు ఫ్యాన్ చూస్తాడు, తర్వాత గోడ మీద నేను అంటించిన పోస్టరు చూస్తాడు. కుర్చీ మీద గొంతుక్కూర్చుని, కళ్ల కింద నల్లటి వలయాలతో ఒక కుర్రాడు. "మా తాత అరుగు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడే, ఎవరన్నా ఇతను?" అని అడుగుతారు. డెత్ నోట్ అనే అనిమేలో, అంటే జపాన్ యానిమేషన్ సీరీస్‌లో, ఎల్ అనే డిటెక్టివ్ అతను. మామూలుగా కూర్చుంటే తన బుర్ర 40 శాతం తక్కువ పనిచేస్తుందని చెప్పుకునే మనిషి. ఆ మాట చెప్పగానే తర్వాతి ప్రశ్న తప్పకుండా వస్తుంది: "అట్లాంటిది ఇంకేమన్నా చెప్పన్నా."

మీకు కూడా ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. మీకు ప్రాణంలాంటి సీరీస్ పేరు ఉత్సాహంగా చెప్పి ఉంటారు. వారం తర్వాత అడిగితే "రెండు ఎపిసోడ్లు చూశాను, బోర్ కొట్టింది" అని ఉంటారు. సైకలాజికల్ అనిమే, అంటే మనసుతో ఆడుకునే కథలు, చెప్పేటప్పుడు అలా జరగకుండా ఏం చేయాలో, కొంత దెబ్బ తిని నేర్చుకున్నది, ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీరే ఇంకా ఏమీ చూడలేదంటే, నా షాపులో బల్ల మీద కూర్చున్న కస్టమరు మీరే అనుకోండి.

ముందు పేరు చెప్పకండి, అడగండి

నా మొదటి సిఫార్సు పెద్ద ఫెయిల్యూర్. మా చిన్నాయన కొడుకు చిత్తూరులో ఉంటాడు. ఇంటర్ చదివే రోజుల్లో రోబో సినిమాలంటే పిచ్చి. రోబోలు ఉన్నాయి కదా అని నియాన్ జెనెసిస్ ఎవాంగెలియన్ చూడమన్నాను. 1995లో మొదలైన సీరీస్, 26 ఎపిసోడ్లు, హిడెయాకి అన్నో దర్శకుడు. 14 ఏళ్ల పిల్లవాడు షింజి పెద్ద రోబో ఎక్కి యుద్ధం చేయాలి. సగం దాకా మావాడు ఖుషీగా చూశాడు. చివరి రెండు ఎపిసోడ్లలో యుద్ధం పక్కకు పోయి, కథ మొత్తం ఆ పిల్లవాడి తలలోకి వెళ్లిపోతుంది. కుర్చీ, వెలుతురు, ప్రశ్నలు, అంతే. రాత్రి 12 దాటాక ఫోన్ చేసి "రోబో ఏమైందన్నా?" అని నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. తప్పు వాడిది కాదు. రోబో కావాలన్నవాడికి నేను ఒక పిల్లవాడి ఒంటరితనం అంటగట్టాను.

అందుకే ఇప్పుడు మూడు ప్రశ్నలు అడిగాకే పేరెత్తుతాను. ఈ మధ్య నిన్ను బాగా పట్టేసిన సినిమా ఏది? ఎప్పుడు చూస్తావు, పక్కన ఎవరుంటారు? రోజుకు ఎంత టైముంది? నాలుగోది నోరు తెరిచి అడగను, మాటల్లో వింటాను: మనిషి ఈ మధ్య ఏదైనా బాధలో ఉన్నాడా అన్నది.

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులోనే సగం పని అయిపోతుంది. సైకలాజికల్ అని మనం ఒకే పేరు పెట్టి పిలుస్తున్నా, ఇందులో కనీసం మూడు రకాల కథలున్నాయి. ఎత్తుకు పైఎత్తు వేసే కథలు ఒక రకం. మనసులో గాయం ఉన్నవాళ్ల కథలు ఇంకో రకం. ఏది నిజమో ఏది భ్రమో తెలియకుండా చేసేవి మూడో రకం. "విలన్ ప్లాన్ భలే ఉంది" అన్న మనిషికి మొదటిది ఇవ్వాలి. "ఆ కొడుకు తండ్రితో మాట్లాడే సీన్‌లో ఏడ్చేశాను" అన్న మనిషికి రెండోది. మూడోది మాత్రం అంతకుముందే నాలుగైదు చూసినవాళ్లకే. అది పచ్చి మిరపకాయ, అలవాటు లేని నోటికి పెట్టకూడదు.

ఒక సంగతి చాలామందికి తెలియదు. జపాన్‌లో మాంగా (బొమ్మల కథల) పత్రికలు నడిచేది ముందుగా పాఠకుల వయసును బట్టి, కుర్రాళ్లకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి అన్నట్టు. డెత్ నోట్ మాంగా 2003 నుంచి 2006 దాకా అచ్చయింది కుర్రాళ్ల వారపత్రిక షోనెన్ జంప్‌లోనే. మాన్‌స్టర్ అచ్చయింది పెద్దవాళ్ల పత్రికలో. సైట్లలో రెండింటి కిందా "సైకలాజికల్" అనే ఉంటుంది. ఆ ముక్క చూసి ఇంట్లో చిన్నపిల్లల ముందు పెట్టకండి.

మనిషిని చూసి కథ ఇవ్వండి

ఎత్తుకు పైఎత్తు కావాలన్నవాళ్లకు డెత్ నోటే మొదటి మెట్టు. అందరికీ తెలిసిందే కదా అని చిన్నచూపు చూడకండి. 2006–07లో వచ్చింది, 37 ఎపిసోడ్లు, మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది. పుస్తకంలో పేరు రాస్తే ఆ మనిషి చచ్చిపోతాడు. అది చదువుల్లో ఫస్టొచ్చే కుర్రాడు లైట్ యాగామి చేతికి దొరుకుతుంది. నేరస్తులను చంపడం మొదలుపెడతాడు.

తిరుపతివాళ్లకు దీన్ని చెప్పేటప్పుడు నాకు ఒక అడ్డదారి ఉంది. తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆడవాళ్లను చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. అమ్మవారు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టి ఊరంతా వెతుకుతుంది. ఎక్కడా చిక్కడు. చివరికి దొర వేషంలో వస్తే, దొరగారు వచ్చారనుకుని వాడే బయటికొస్తాడు, తల పోగొట్టుకుంటాడు. మే నెలలో ఊరంతా వేషాలేసుకుని తిరిగేది ఈ కథకే. ఇప్పుడు డెత్ నోట్ రెండో ఎపిసోడ్ చూడండి. ఎల్ తన పేరుతో, తన బదులు ఇంకో మనిషిని టీవీలో కూర్చోబెడతాడు. ఆ మనిషి మరణశిక్ష పడిన ఖైదీ. ప్రపంచమంతా చూస్తోందని చెప్పి, నిజానికి కాంటో అనే ఒక్క ప్రాంతంలోనే ప్రసారం చేయిస్తాడు. లైట్ కోపం పట్టలేక ఆ పేరు రాసేస్తాడు. అంతే, హంతకుడు ఏ ప్రాంతంలో ఉన్నాడో తెలిసిపోయింది. దాక్కున్నవాణ్ణి వెతకడం మానేసి, వాడంతట వాడే బయటికొచ్చేలా వేషం కట్టాడు. ఇంతవరకు చెప్పొచ్చు, రెండో ఎపిసోడే కాబట్టి. గంగమ్మ కథ తెలిసినవాడెవడూ ఇక్కడ డెత్ నోట్ ఆపేయడం నేను చూడలేదు.

25వ ఎపిసోడ్ తర్వాత నాకు పట్టు కొంచెం సడలినట్టు అనిపిస్తుంది. అది నా అభిప్రాయం. చూసేవాళ్లకు ముందే చెప్పను, మీరూ చెప్పకండి.

అదే రకంలో నాకు ఇంకా ఇష్టమైనది కైజీ. 2007, 26 ఎపిసోడ్లు, ఇదీ మ్యాడ్‌హౌస్‌దే. బొమ్మలు అందంగా ఉండవు. ముక్కులు కత్తుల్లా, గడ్డాలు గునపాల్లా ఉంటాయి. టెన్షన్ పెరిగినప్పుడల్లా "జవా, జవా" అని ఒక గుసగుస వినిపిస్తుంది. చూడ్డానికి బాగాలేదని చాలామంది పక్కన పెట్టేస్తారు. నేను దీన్ని ఇచ్చేది డబ్బు కష్టం తెలిసినవాళ్లకు.

ఆటో నడిపే ఒకాయన స్పీకర్ బాగుచేయించుకోవడానికి వచ్చాడు. తమ్ముడి వరసవాడికి షూరిటీ సంతకం పెట్టి ఇరుక్కున్నానని మాటల్లో చెప్పాడు. నేను కైజీ మొదటి ఎపిసోడ్ పెట్టాను. అందులో హీరో చేసిన తప్పు అదే. కలిసి పనిచేసినవాడికి సంతకం పెట్టాడు, వాడు మాయమయ్యాడు. 3 లక్షల యెన్ల అప్పు 38 లక్షల 50 వేలై ఇతని మెడకు చుట్టుకుంది. ఆయన వీడియో ఆపించి, కౌంటరు మీది క్యాలిక్యులేటర్ తీసుకున్నాడు. "నూటికి ఎంత వేసుంటాడబ్బా?" నెలకు నూటికి 20, చక్రవడ్డీ, 14 నెలలు అని చెప్పాను. కొట్టుకుంటూ పోయాడు. 3 లక్షలు, 3 లక్షల 60 వేలు, 4 లక్షల 32 వేలు, 5 లక్షల 18 వేలు... 14వ సారి నొక్కి స్క్రీన్ నా వైపు తిప్పాడు. 38 లక్షల 51 వేలు. "లెక్క కరెక్టుగానే తీశారే," అన్నాడు. బొమ్మల ముక్కుల గురించి ఒక్క మాట అడగలేదు.

ఆ తర్వాత కథ ఓడ ఎక్కుతుంది. అక్కడ జూదం ఏంటంటే చిన్నపిల్లలు ఆడే రాయి, కాగితం, కత్తెర. ఒక్కొక్కరికి 12 కార్డులు, 3 నక్షత్రాలు, 4 గంటల టైము. వాడిన కార్డు మళ్లీ దొరకదు. ఇంత చిన్న ఆటలో ఎంత మోసం దూర్చొచ్చో చూస్తే మీకే భయమేస్తుంది.

ఇక పెద్దవాళ్ల సంగతి. "నాయనకు కార్టూన్లు చూపిస్తావా" అని మా అమ్మ నవ్వింది. మా నాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు మాన్‌స్టర్ పెట్టాను. 2004–05లో వచ్చిన 74 ఎపిసోడ్ల సీరీస్, నవోకి ఉరసావా మాంగా దీనికి మూలం. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో పనిచేసే జపాన్ డాక్టరు టెన్మా కథ. మెదడు ఆపరేషన్లలో దిట్ట. మొదట్లో ఒక సీన్ ఉంది. ముందుగా వచ్చిన టర్కీ కూలీని వదిలి, పేరున్న గాయకుడికి ఆపరేషన్ చేయమని పైనుంచి ఆర్డరు. చేస్తాడు. కూలీ చచ్చిపోతాడు. అతని భార్య కారిడార్‌లో డాక్టరును పట్టుకుని, మా ఆయనే కదా ముందొచ్చింది అని నిలదీస్తుంది.

అక్కడ మా నాయన "ఆపు" అన్నాడు. చాలా ఏళ్ల కిందట మా అవ్వను ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, స్ట్రెచర్ మీద మూడు గంటలు ఉంచారు. ఎవరో పెద్దమనిషి ఫోన్ చేయించుకున్నవాళ్లు ముందు లోపలికి వెళ్లారు. అవ్వ బతికింది, కానీ ఆయన ఆ మూడు గంటలు మరచిపోలేదు. కాసేపు అలాగే కూర్చుని, "సరే, పెట్టు" అన్నాడు. మళ్లీ అలాంటి పరిస్థితి వచ్చినప్పుడు టెన్మా ఆర్డరు వినడు. మేయర్‌ను పక్కన పెట్టి ముందుగా వచ్చిన పిల్లవాణ్ణి బతికిస్తాడు. ఆ పిల్లవాడు ఎవరన్నది తొమ్మిదేళ్ల తర్వాత తెలుస్తుంది. మీరు చెప్పేటప్పుడు ఇక్కడే నోరు మూసుకోవాలి. రాత్రి అన్నం తిన్నాక రోజుకొకటి లెక్కన చూస్తే రెండున్నర నెలలు. సీరియల్ చూసే అలవాటున్న ఇంటికి ఇదేం ఎక్కువ కాదు.

ఇంజనీరింగ్ పిల్లలకు స్టైన్స్ గేట్. 2011, 24 ఎపిసోడ్లు. టోక్యోలోని అకిహబారాలో ఒక గది, మైక్రోవేవ్ ఓవెన్‌కు ఫోన్ కలిపితే గతానికి మెసేజ్ వెళ్తుంది. దీని గురించి ఒక్క హెచ్చరిక తప్పనిసరి: సగం దాకా కథ నడవదు. అలిపిరి మెట్లలాంటిదని చెబుతాను. మొత్తం 3550 మెట్లు, గాలిగోపురం దాకా ప్రాణం పోతుంది, తర్వాత కాళ్లు వాటంతట అవే నడుస్తాయి. ఇందులో గాలిగోపురం 12వ ఎపిసోడ్. అక్కడి నుంచి ఆపడం మీ తరం కాదు. ఈ మాట ముందే చెబితే ఓపిగ్గా ఎక్కుతారు. చెప్పకపోతే ఐదో ఎపిసోడ్ దగ్గర దిగిపోతారు.

ఒక్క ఆదివారంలో అయిపోవాలంటే 2016లో వచ్చిన ఎరేజ్డ్, 12 ఎపిసోడ్లు. 29 ఏళ్లవాడు 1988లో తన బడి రోజుల్లోకి వెళ్లి పడతాడు, అప్పుడు మాయమైన తోటి పిల్లను కాపాడాలి. చివర కొంచెం తొందరపడ్డారు కానీ అమ్మ పాత్ర కోసమైనా చూడొచ్చు. మడోకా మాజికా కూడా 12 ఎపిసోడ్లే, 2011. పింక్ గౌన్ల పిల్లలను చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. మూడో ఎపిసోడ్ వాళ్ల సంగతి చూసుకుంటుంది. పోలీసు ఉద్యోగానికి ప్రిపేరయ్యేవాళ్లకు సైకో-పాస్ మొదటి సీజన్, 2012, 22 ఎపిసోడ్లు. మనిషి నేరం చేయకముందే అతని మనసును మెషిన్ కొలిచి పట్టుకుపోయే రాజ్యం. ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్ అయితే మొదటి సీజన్ చూసి ఆపేయండి. రెండోది నేనూ చూశాను, ఎందుకు చూశానా అనిపించింది.

బాధలో ఉన్నవాళ్లకు చెప్పేటప్పుడు

ఇక్కడ నెమ్మదిగా నడవాలి. "మనసు బాగాలేదన్నా" అన్న కుర్రాడికి చీకటి కథ ఇస్తే "నా గురించే తీశారు" అని లోపలికి కూరుకుపోతాడు. వెల్‌కమ్ టు ది ఎన్‌హెచ్‌కే మంచి సీరీసే. 2006, 24 ఎపిసోడ్లు, చదువు మానేసి గది దాటి బయటికి రాని 22 ఏళ్లవాడి కథ. నవ్విస్తుంది కూడా. అయినా ఉద్యోగం రాక రూములో తలుపేసుకున్నవాడికి నేను దాన్ని ఇవ్వను. వాడు బయటపడ్డాక ఇస్తాను.

అలాంటివాళ్లకు ఇచ్చేది మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్. రెండు సీజన్లు, 44 ఎపిసోడ్లు, 2016 నుంచి 2018 మధ్య వచ్చింది. రేయ్ అనే 17 ఏళ్ల కుర్రాడు షోగి ఆడి సంపాదిస్తూ ఒంటరిగా బతుకుతుంటాడు. షోగి అంటే జపాన్ చదరంగం. నది అవతల ముగ్గురు అక్కచెల్లెళ్ల ఇల్లుంది. వాళ్లు పిలిచి అన్నం పెడతారు. కథలో ఎక్కువ జరిగేది అదే: పిలవడం, పెట్టడం, తినడం. దిగులు ఎలా ఉంటుందో దాచకుండా చూపిస్తుంది, పక్కనే వేడి అన్నం గిన్నె కూడా చూపిస్తుంది.

టీచరమ్మలకు, చిన్నప్పుడు ఎవరినో ఏడిపించి ఇప్పుడు సిగ్గుపడేవాళ్లకు 2016 సినిమా ఎ సైలెంట్ వాయిస్. చెవులు వినపడని అమ్మాయిని బడిలో హింసించిన అబ్బాయి, పెద్దయ్యాక ఆమెను వెతుక్కుంటూ వెళ్తాడు. ఇందులో ఆత్మహత్య ప్రస్తావన ఉంటుంది, ముందే చెప్పండి.

ఏది ఇచ్చినా, చూస్తూ నిద్ర పట్టకపోయినా, గుండె దడగా ఉన్నా ఆపేయమని చెప్పండి. సగంలో ఆపినవాణ్ణి ఎగతాళి చేయకండి. మాటల్లో ఇంకా పెద్ద బాధ వినిపిస్తే అనిమే సంగతి వదిలేసి, మనసు బాధలకు సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నా కౌంటరు అద్దం కింద రాసి పెట్టుకున్నాను.

భ్రమ కథలు ఆఖరున

సతోషి కోన్ పేరు గుర్తుపెట్టుకోండి. 2010లో 46 ఏళ్లకే పోయాడు. ఆయన మొదటి సినిమా పర్ఫెక్ట్ బ్లూ, 1997, 81 నిమిషాలు. పాటలు మానేసి నటి కావాలనుకున్న అమ్మాయి పేరుతో ఇంటర్నెట్‌లో ఎవరో డైరీ రాస్తుంటారు, ఆమె రైలు ఏ కాలితో దిగుతుందో కూడా తెలిసినంత దగ్గరగా. కాసేపటికి ఆమెకే తెలియదు తాను ఎవరో. లైంగిక హింస సీన్లున్నాయి. హాల్లో అమ్మానాన్నల ముందు పెట్టకండి, 18 దాటనివాళ్లకు అసలు చెప్పకండి. ఆయనదే 13 ఎపిసోడ్ల పారనోయా ఏజెంట్ 2004లో వచ్చింది. బంగారు రంగు బ్యాటుతో స్కేట్ల మీద వచ్చి కొట్టిపోయే పిల్లవాడి గురించి ఊరంతా పుకార్లు. మన ఊళ్లలో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వచ్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లెయిన్ 1998ది, 13 ఎపిసోడ్లు. చనిపోయిన క్లాస్‌మేట్ నుంచి ఒక బడిపిల్లకు మెయిల్ వస్తుంది. స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లో, మనిషి నెట్టులో కరిగిపోవడం గురించి తీశారు. సగం అర్థం కాదు. అర్థం కాకపోయినా పర్వాలేదన్నవాళ్లకే ఇవ్వండి.

టైము లెక్క చెప్పండి

"37 ఎపిసోడ్లా!" అని జడుసుకుంటారు. ఒక్కోటి 23, 24 నిమిషాలు. ముందు పాట ఒకటిన్నర నిమిషం, వెనక పాట ఒకటిన్నర. అవి దాటేస్తే మిగిలేది 20 నిమిషాల పైచిలుకు. 12 ఎపిసోడ్లంటే నాలుగు గంటలు, ఒక పెద్ద సినిమా, ఇంకో సగం సినిమా. డెత్ నోట్ మొత్తం 12, 13 గంటలు. పాటలు మొదటిసారి మాత్రం దాటేయొద్దని చెబుతాను.

భాష, ఎక్కడ చూడాలి

షించాన్ తెలుగులో చూసి పెరిగినవాళ్లు "తెలుగులో ఉందా?" అని అడుగుతారు. అనిమే చూపించే యాప్ క్రంచీరోల్ కొన్నింటికి తెలుగు డబ్బింగ్ ఇస్తోంది, సోలో లెవలింగ్ అలా వచ్చిందే. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాసిల్ తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. కానీ అవి కొట్లాట కథలు. సైకలాజికల్ కథలకు ఎక్కువగా జపాన్ మాట, ఇంగ్లీషు సబ్‌టైటిలే గతి. అలవాటు లేనివాళ్లకు మొదటి రెండు ఎపిసోడ్లు కష్టం, తర్వాత చదువుతున్నట్టే తెలియదు. మా నాయన అంత వేగంగా చదవలేడు. నేను ఆపి ఆపి తెలుగులో చెబుతాను. ఎపిసోడ్ 40 నిమిషాలవుతుంది, కానీ మధ్యలో ఆయన వేసే ప్రశ్నలే నాకు సగం వినోదం.

ఏ సీరీస్ ఎక్కడుందో నెలనెలా మారుతుంది. జస్ట్‌వాచ్ అనే సైట్‌లో ఇండియా అని పెట్టి ఇంగ్లీషు పేరుతో వెతికితే నెట్‌ఫ్లిక్సా, క్రంచీరోలా అన్నది చెబుతుంది. ఎవరో పంపిన ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్ బయట దొరికే యాప్, మాత్రం వేసుకోకండి. ఫ్రీ అనిమే యాప్ అని వేసుకుని, ఫోన్ నిండా యాడ్లు తెచ్చుకుని, చివరికి నా దగ్గరికి ఫార్మాట్‌కు వచ్చినవాళ్లు ఎందరో. నాకు బేరమే అనుకోండి, అయినా చెబుతున్నాను.

చెప్పేటప్పుడు ఒక్క వాక్యం, చూసేటప్పుడు పక్కన

కథ ఒక్క వాక్యంలో చెప్పండి. "పేరు రాస్తే చచ్చిపోయే పుస్తకం కాలేజీకి వెళ్లబోయే కుర్రాడికి దొరికింది." చాలు. "చివర్లో ట్విస్ట్ ఉంటుంది చూడు" అని మాత్రం అనకండి. ట్విస్ట్ ఉందని చెప్పడం కూడా సగం చెప్పేయడమే, ప్రతి సీన్‌నూ అనుమానంగా చూస్తారు. భయపెట్టేవి, రక్తం, లైంగిక హింస, ఆత్మహత్య లాంటివి ఉంటే మాత్రం దాచకండి.

వీలైతే మొదటి ఎపిసోడ్ మీరూ పక్కన కూర్చుని చూడండి. వాళ్ల మొహం చూడకండి, తెర చూడండి. మీకు నచ్చిన సీన్ రాగానే మోచేత్తో పొడవకండి. ఈ చెడ్డ అలవాటు నాకూ ఉండేది. మూడు ఎపిసోడ్ల దాకా ఓపిక పట్టమనండి, అప్పటికీ పట్టకపోతే వేరేది చూసుకుందామనండి. స్టైన్స్ గేట్‌కు మాత్రం ఈ లెక్క పనిచేయదని పైనే చెప్పాను.

వరస కూడా చెప్పాలి. ఎవాంగెలియన్ అయితే 26 ఎపిసోడ్లయ్యాక 1997లో వచ్చిన ఎండ్ ఆఫ్ ఎవాంగెలియన్ సినిమా. స్టైన్స్ గేట్ జీరో పేరులో సున్నా ఉంది కదా అని ముందు చూసేస్తారు, అది 2018లో వచ్చింది, మొదటిది పూర్తయ్యాకే చూడాలి.

చూశాక

వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా అడగకండి. నేను బిల్లు పుస్తకం వెనక పేజీలో రాసుకుంటాను, ఎవరికి ఏది ఇచ్చానో. పక్కన టిక్కు పెట్టేది వాళ్లే వచ్చి మాట్లాడాక. ఆటో ఆయన పేరు పక్కన టిక్కుంది. కైజీ అయ్యాక వచ్చి, రెండో సీజన్ కూడా ఉందంటగా అని ఆయనే నాకు చెప్పాడు. మా చిన్నాయన కొడుకు పేరు పక్కన కూడా టిక్కు పడింది, ఎనిమిదేళ్ల తర్వాత. ఉద్యోగంలో చేరి బెంగళూరులో ఒంటరిగా ఉంటూ ఎవాంగెలియన్ మళ్లీ మొదటి నుంచి చూశాడట. ఈసారి రోబో గురించి అడగలేదు.

లెయిన్ రాసుకెళ్లిన యూనివర్సిటీ కుర్రాడు మాత్రం ఇంకా రాలేదు. అతని ఫోన్‌లోంచి తీసిన పాత బ్యాటరీ, సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నది, ఇప్పటికీ నా డ్రాయర్‌లోనే ఉంది.